దివాన్ మీద అడవి

అక్కా,

నాకు 57 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పుట్టి పెరిగింది హుస్నాబాద్ దిక్కు ఒక పల్లెటూళ్లో. వారమంతా స్కూలు, వంట, పేపర్లు దిద్దడంతో సరిపోతుంది. ఆదివారం వచ్చిందంటే టిఫిన్లు కాగానే దివాన్ మీద వాలిపోయి టీవీలో అడవులు, జంతువుల ప్రోగ్రాములు పెట్టుకుంటాను. పొద్దుగూకే దాకా లేవబుద్ధి కాదు. ఆ పూట వంట కూడా ఉండదు, పెరుగన్నం, మామిడికాయ తొక్కుతో కానిచ్చేస్తాం. టీవీలో ఏనుగులు నీళ్లలోకి దిగితే మా చెరువులో బర్రెలు గుర్తొస్తాయి. ఇక అక్కణ్నుంచి మోటబాయిలో ఈత, జొన్నచేనికి కావలి, ఈతపండ్లు, ముంజలు, వరసపెట్టి వచ్చేస్తాయి. ఒక్కోసారి ఏడుపు కూడా వస్తుంది. మా అమ్మాయి "గట్లనే పండుకుంటే షుగర్ పెరుగుతది, లేచి నడువమ్మా" అని కోప్పడుతుంది. మా ఆయన నా బాధ చూడలేక షాద్‌నగర్ అవతల నాలుగు గుంటల ఫాం ప్లాట్ కొందామంటున్నారు, చిట్టీ ఎత్తి. ఏడేళ్ల మనవరాలికి మా ఊరి సంగతులు చెప్పబోతే రెండు నిమిషాలు విని ట్యాబ్ అందుకుంటుంది. నాది బద్ధకమా? బెంగా? ఏమైనా జబ్బా? ప్లాట్ కొంటే తగ్గుతుందంటారా?

— మీ చెల్లెలు, కూకట్‌పల్లి

చెల్లీ,

ముందు షుగర్ సంగతి తేల్చేద్దాం, అది తొందరగా తేలిపోతుంది కనుక. మీ అమ్మాయి చెప్పింది సగం రైటు. గంటల తరబడి కదలకుండా ఉండటం షుగర్ ఉన్నవాళ్లకి మంచిది కాదు, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యమని డాక్టర్లు చెప్తారు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి వంటింటి దాకా వెళ్లి మంచినీళ్లు తాగి రండి. మన చానెళ్లలో ప్రకటనలకేం కొదవ! సాయంత్రానికి మీ అమ్మాయి అడిగిన నడక పూర్తయిపోతుంది.

ఇక బద్ధకం. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ఆ పెరుగన్నం దగ్గర. "ఆ పూట వంట కూడా ఉండదు" అని రాశారు, నేరం ఒప్పుకున్నట్టు. ఆరు రోజులు బడిలో నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి, ఏడో రోజు తొక్కుతో అన్నం తింటే ఎవరికి ఏం తక్కువైంది? ఈ ఎండల్లో చల్లటి పెరుగన్నం, కొత్త మామిడికాయ తొక్కు కంటే మంచి భోజనం హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలీదు. మీ ఆయన ఆదివారాలు ఏం చేస్తారో మీరు రాయలేదు. రాయాలని తోచి ఉండదు. మగాయన నడుం వాలిస్తే ఇంట్లో అందరూ అలిసిపోయాడు పాపం అని టీవీ సౌండు తగ్గిస్తారు. ఆడమనిషి వాలిస్తే జ్వరమేమైనా వచ్చిందా అని నుదురు పట్టి చూస్తారు. మీ అమ్మగారు పగటిపూట మంచమెక్కడం మీరెన్నడైనా చూశారా? నేను చూడలేదు, మా అమ్మ సంగతి చెప్తున్నా. ఆ సిగ్గు వాళ్ల దగ్గర్నుంచి మనకు వచ్చింది. మీ దగ్గర్నుంచి మీ అమ్మాయికి అప్పుడే వెళ్లిపోయినట్టుంది కూడా, "లేచి నడువు" అన్న మాటలో నాకది వినిపించింది. కనీసం మనవరాలి దాకా పోనివ్వకండి. నానమ్మో అమ్మమ్మో పగలంతా పడుకుని హాయిగా టీవీ చూడటం ఆ పిల్ల కళ్లారా చూడాలి.

జబ్బా అని అడిగారు. ఒకప్పుడు జబ్బనే అన్నారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లో ఇంటి మీద బెంగను ఒక రోగంగా లెక్కగట్టి పెద్ద వ్యాసమే రాశాడు. పరాయి రాజుల దగ్గర జీతానికి యుద్ధాలు చేసే స్విస్ సిపాయిలు తమ కొండలూ ఆవులూ గుర్తొచ్చి మంచం పడతారని ఆ తర్వాత చాలా కాలం చెప్పుకున్నారు. ఇప్పటి సైకాలజిస్టులు ఆ మాట అనడం లేదు. బ్రిటన్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు 2006లో మొదలుపెట్టి ప్రచురించిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, మనసు బాగోనప్పుడు, ఒంటరిగా అనిపించినప్పుడు పాత సంగతులు ముసురుకుంటాయి. అవి వచ్చి పోయాక మనిషికి తనవాళ్లు దగ్గర్లోనే ఉన్నారన్న ధైర్యం పెరుగుతుంది. అంచేత ఏడుపొస్తే రానివ్వండి. ఆదివారం నాటి ఏడుపు సోమవారం, మంగళవారం కూడా సాగితే, రెండు వారాలు వరసగా నిద్రా తిండీ పిల్లలకు పాఠం చెప్పాలన్న ఆసక్తీ పోతే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు 14416కు ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మీ విషయంలో నాకా భయం కలగలేదు. మామిడికాయ తొక్కు పేరు మర్చిపోకుండా రాసిన మనిషికి ఆకలి బాగానే ఉన్నట్టు.

ఏనుగుల్ని చూస్తే బర్రెలు గుర్తొచ్చాయన్నారు చూడండి, ఆ మాట దగ్గర కాసేపు కూర్చుందాం. మీ మనసు ఊరికే అటు మళ్లలేదు. ఆఫ్రికా ఏనుగుల కాళ్ల మధ్య తెల్లకొంగలు తిరుగుతుంటాయి, గమనించే ఉంటారు. ఏనుగు అడుగు వేస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, కొంగ వాటిని అందుకుంటుంది. మీ చెరువు కట్ట కింద బర్రెల వెంట తిరిగిన కొంగ దానికి దగ్గరి చుట్టం, చేసే పనీ అదే. మామూలు రోజుల్లో తెల్లగా ఉండే ఆ కొంగకి గుడ్లు పెట్టే కాలం దగ్గరపడితే తలా మెడా నారింజ రంగుకు తిరుగుతాయి. ఇదంతా ఎవరూ చెప్పకుండానే మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. అప్పట్లో మీకు టీవీ లేదు, పుస్తకం లేదు, తీరిక ఉంది. బర్రెలు మేసినంతసేపూ కూర్చోవడం తప్ప వేరే పని లేదు కాబట్టి చూశారు. నాకు తోచేదేమంటే, మీరు ఊరి మీద బెంగ అనుకుంటున్నదాంట్లో సగానికి పైగా ఆ తీరిక మీద బెంగే. కళ్లు ఒకచోట నిలిపి, దేన్నీ తొందరపెట్టకుండా చూస్తూ ఉండటం మీకు వారానికి ఒక్కరోజు, దివాన్ మీద, దొరుకుతోంది. దాన్ని బద్ధకమని ఎవరన్నా అంటే అననివ్వండి.

కాకపోతే టీవీ చూపించేది కత్తిరించిన అడవి. 2006లో బీబీసీ ప్రసారం చేసిన ఒక పెద్ద సిరీస్‌కు దాదాపు అయిదేళ్లు పట్టింది, మనం చూసింది 11 భాగాలు. పొదలో కూర్చుని కెమెరామన్ పడిన పడిగాపులన్నీ ఎడిటింగ్ టేబుల్ దగ్గర పోతాయి. చిరుత రాని రోజులు మనకు చూపించరు. చప్పుళ్ల సంగతి ఇంకా తమాషా. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినప్పుడు జంతువు అడుగుల చప్పుడు మైకుకు అందదు. అందుకని తర్వాత స్టూడియోలో తయారుచేసి అతికిస్తారు. మంచు మీద నడిచిన చప్పుడు కావాలంటే మొక్కజొన్న పిండి మూటను పిసుకుతారు. మీరు విన్న ఎలుగుబంటి అడుగులు ఎవరో స్టూడియోలో కూర్చుని పిండి నలిపిన చప్పుడు కావచ్చు. నేను ఆ ప్రోగ్రాములకు వ్యతిరేకిని కాదు సుమా. 1954 నుంచి జంతువుల గురించి చెప్తూనే వచ్చిన డేవిడ్ అటెన్‌బరో గొంతు ఇంగ్లీషులో వినిపిస్తే నేనూ చేతిలో పని వదిలేసి కూర్చుంటాను.

జ్ఞాపకం కూడా ఇలాగే కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. మీరు మోటబాయిలో ఈత రాశారు. మోట కొట్టడం రాయలేదు. తెల్లారకముందే ఎడ్లను కట్టాలి. అవి వాలుబాటలో కిందికి నడిస్తే నీళ్లతో తోలుబొక్కెన పైకి వస్తుంది, నీళ్లు కాలువలో పడ్డాక అవే వెనక్కి అడుగులేసుకుంటూ పైకెక్కాలి, బొక్కెన మళ్లీ బాయిలోకి దిగాలి. ఎడ్లు కిందికి దిగేటప్పుడు బరువు ఆనాలని మనిషి తాడు మీద కూర్చునేవాడు. పొద్దెక్కే దాకా అలా తిరిగితే తడిసేది ఎంత? కొన్ని మళ్లు. మీ నాన్నగారిని అడిగితే ఈత సంగతి తర్వాత, ముందు నడుం సంగతి చెప్పి ఉండేవారు. జొన్నచేను కావలి కూడా అంతే. కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలు, పిచ్చుకలు వాలకుండా మంచె మీద నిలబడి వడిసెల తిప్పడం, ఖాళీ డబ్బా వాయించడం, గొంతు బొంగురుపోయే దాకా అరవడం. బాగుంది. మరి ఆ రోజుల్లో బడికి ఎవరు వెళ్లారు? మీతోపాటు మంచెలెక్కిన ఆడపిల్లల్లో ఎందరు మీలాగా లెక్కల టీచర్లయ్యారు? ఆ పిల్లల పేర్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఈసారి ఏడుపొచ్చినప్పుడు వాళ్లను కూడా తలచుకోండి, ఏడుపు రుచి కొంచెం మారుతుంది.

ప్లాట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: కొనొద్దు. మీరు లెక్కల టీచరు, మీకు లెక్కలోనే చెప్తాను. గుంటకు 121 గజాలు, నాలుగు గుంటలంటే 484 గజాలు. కూకట్‌పల్లి నుంచి షాద్‌నగర్ అవతలికి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళ్లినా గంటన్నరకు తక్కువ పట్టదు, రానూపోనూ మూడు గంటలు. ఆదివారం తిరిగి స్కూలు రోజు అయిపోతుంది. అక్కడికి వెళ్లి చేసేదేమిటి? మొక్కలకు నీళ్లు వచ్చాయా, ఫెన్సింగ్ రాళ్లు ఎవరన్నా జరిపారా అని చూసుకోవడం. పైగా లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మే ఫాం ప్లాట్ల జోలికి పోవద్దని అధికారులే హెచ్చరిస్తున్నారు. మీ ఆయనకు మరీ మనసు పీకుతుంటే లేఅవుట్లను ఆమోదించే హెచ్‌ఎండీఏదో డీటీసీపీదో అనుమతి కాగితం చేతికిచ్చాక మాట్లాడమనండి. సగం మంది ఏజెంట్లు ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ ప్లాట్లు వేసేముందు జేసీబీ పెట్టి తుప్పలన్నీ గీకేస్తారు. బలుసు, తంగేడు, రేగు కంపలు పోయి ఎర్రమట్టి మిగులుతుంది, దాంట్లో వరసగా మామిడి మొక్కో శ్రీగంధమో నాటి బ్రోచర్‌లో పచ్చదనం అని రాస్తారు. మీకు గుర్తుందా, మెట్ట భూమిలో, అదే మన చెల్కలో నడుస్తుంటే తీతువు నెత్తిమీద గిరగిరా తిరుగుతూ అరిచి అరిచి చంపేది. అది ఊళ్లో చావు కబురు తెస్తుందని పెద్దవాళ్లు అనేవారు. పాపం దాని బాధ వేరు. అది గూడు కట్టదు, రాళ్ల మధ్య నేల మీదే నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు అచ్చం రాళ్ల రంగులో మచ్చలతో ఉంటాయి, మనం తొక్కేస్తామని దాని గోల. అలాంటి చెల్కలు చదును చేసినచోటే మీ బెంగ తీరడానికి నాలుగు గుంటలు కొంటారా? చిట్టీ డబ్బును చిట్టీలోనే ఉండనివ్వండి.

ఇక మీ బాల్కనీకి వద్దాం. మే నెల ఇది, మీ దండెం తీగ మీదో మనీప్లాంట్ కొసకో చిన్న సంచిలా ఏదైనా వేలాడుతోందేమో చూడండి. ఎండుటాకు ముక్కలు, బెరడు పీచు, పురుగుల రెట్ట, అన్నీ సాలెగూటి దారంతో కలిపి కుట్టినట్టు, దూరం నుంచి చెత్త పట్టుకున్నట్టే ఉంటుంది. పక్కన చిన్న కన్నం, దాని మీద వాన పడకుండా చూరు కూడా ఉంటే అది తేనెపిట్ట గూడు. కట్టేది ఆడపిట్టే. మగది నీలంగా నల్లగా మెరుస్తూ పక్క తీగ మీద కూర్చుని పాడుతుంది. (దివాన్ ఎవరికి దక్కిందో మళ్లీ చూడండి.) పనిమనిషి దాన్ని చీపురుతో దులిపెయ్యకుండా ఒక మాట చెప్పి ఉంచండి. మీ వాటర్ ట్యాంకు మీద గద్దలు ఎలాగూ ఉంటాయి. పొద్దున్నే కోకిల కూస్తుంటే కాకులు దాని వెంట పడుతున్నాయంటే అటు ఎక్కడో కాకి గూళ్లో కోకిల గుడ్డు ఉన్నట్టే.

ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే మియాపూర్ దాటాక అమీన్‌పూర్ చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగరం మధ్య ఉన్న ఒక చెరువుకు అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. ఒడ్డున అపార్టుమెంట్లు లేచాయి, ముక్కు మూసుకోవాల్సిన మూలలూ ఉన్నాయి. అయినా చలికాలం పొద్దున్నే వెళితే దూరపు ఉత్తర దేశాల నుంచి వచ్చిన బాతులు నీళ్ల మీద కనిపిస్తాయి. కృష్ణజింకలు కావాలంటే వనస్థలిపురం పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది, మెట్రోలో ఎల్బీనగర్ దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటో. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి చేసిన అధ్యయనంలో, వారానికి మొత్తం మీద 120 నిమిషాలైనా పచ్చటి చోట్ల గడిపేవాళ్లు ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని తేలింది. ఒకేసారి రెండు గంటలు వెళ్లినా, విడతలుగా వెళ్లినా తేడా లేదట. మీ దివాన్‌కు నష్టం లేకుండా అది కుదురుతుంది.

మీరు టీవీలో చూడనిది ఒకటి చెప్పనా? పాలపిట్ట. 2014లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించారు, దసరా రోజు చూస్తే మంచిదని ఊళ్లన్నీ పొలాల దాకా నడుస్తాయి. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఏమంత కనిపించదు, రెక్క విప్పితే రెండు నీలాలు. మగది జోడీ కోసం ఆకాశంలోకి నిటారుగా ఎగిరి, అక్కణ్నుంచి పల్టీలు కొడుతూ అరుస్తూ కిందికి దిగుతుంది. పెద్ద చానెళ్లు దాని మీద ప్రత్యేకంగా గంటసేపు ప్రోగ్రాం తీసినట్టు నా కంటబడలేదు. కానీ మీ దిక్కు పిట్టలు టీవీకి ఎక్కకపోయినా లెక్కకు ఎక్కాయి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు, ఆ వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. దసరాకి నగరంలో పాలపిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులడిగేవాళ్లు వస్తారు. ఇవ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా రెక్కలు కట్టేసి జిగురు పూసిన ఆ పిట్టల్లో చాలా వాటికి మళ్లీ ఎగిరే యోగం ఉండదు.

మనవరాలి విషయం ఆఖరికి ఉంచాను, అదే అసలైనది కనుక. రెండు నిమిషాలు విని ట్యాబ్ అందుకుందంటే తప్పు పిల్లది కాదు. మీరు "మా చిన్నప్పుడు" అని మొదలుపెట్టి ఉంటారు. ఆ మాట వింటే నాకే ఆవలింత వస్తుంది. ఈ ఆదివారం ఇలా చేసి చూడండి. ప్రోగ్రాం పెట్టండి, సౌండు మొత్తం తీసెయ్యండి. ఇప్పుడు ఆ జంతువు ఏం చేస్తోందో మీరిద్దరూ చెప్పాలి, ఒక సీను ఆమె, ఒక సీను మీరు. అడుగుల చప్పుడు కూడా మీరే చెయ్యాలి, వంటింట్లోంచి పిండి డబ్బా తెచ్చుకోండి, స్టూడియోవాళ్లు చేసేదీ అదే కదా. మీ వంతు వచ్చినప్పుడు మీ ఊరి భాషలోనే చెప్పండి. సింహం "ఏందిరా గిట్ల జేస్తివి" అంటే ఏడేళ్ల పిల్ల ట్యాబ్ ఎందుకు అందుకుంటుంది?

గూళ్లు కట్టే పక్షులు వస్తే గిజిగాడి సంగతి చెప్పండి. బాయి మీదికి వంగిన తుమ్మకొమ్మలకి గూళ్లు వేలాడటం మీరు చూసినదే. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి ముందు ఒక వలయం అల్లుతుంది, తర్వాత పైకప్పు, లోపల గోడలకు తడిమట్టి పూత. సగం కట్టాక ఆగి రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి, లాగి, పీకి పరీక్ష చేస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి దిగే గొట్టంతో సహా పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే గాలికి ఊగుతూ ఉండిపోతుంది. ఆ మట్టికి మిణుగురులను అతికించి దీపాలు పెట్టుకుంటాడని మనకు చెప్పేవారు, నిజం కాదు. ముందు అబద్ధం చెప్పి, తర్వాత నిజం చెప్పండి. ఆ మధ్యలో పిల్ల పది ప్రశ్నలు వేస్తుంది.

చేతికి పని కూడా ఉండాలి. ఇప్పుడు మీ రోడ్ల పక్కన ముంజలు అమ్ముతున్నారు. ఒలిచిన ముంజలు కాకుండా రెండు మూడు కాయలు అలాగే కొట్టి ఇమ్మని అడగండి. బొటనవేలితో తవ్వుకు తినడం మీరు చూపించాలి, నీళ్లు గౌను మీద కారితే కారనివ్వాలి. తిన్నాక రెండు బుర్రలను అడ్డంగా ఒక పుల్లతో కలపండి, పంగల కర్ర ఒకటి మధ్యలో ఆనించి తోస్తే బండి సిద్ధం. అపార్టుమెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య నుంచి తోలితే భలే మలుపులు తిరుగుతుంది. వాచ్‌మన్ అరిస్తే అతన్నే ఒక బండి చెయ్యమని అడగండి. ఏదో ఒక ఊరి నుంచి వచ్చినవాడే అయి ఉంటాడు, మీకంటే బాగా చేస్తాడు.

ఊరికి కూడా వెళ్లండి. పండగకు వద్దు, పండగప్పుడు చుట్టాలను తప్ప ఇంకేం చూడలేరు. అమీర్‌పేటలో మెట్రో మారి పరేడ్ గ్రౌండ్‌లో దిగితే జేబీఎస్ బస్టాండు పక్కనే. ఎక్స్‌ప్రెస్ అయినా పల్లెవెలుగు అయినా ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం కదా, మీకూ మనవరాలికీ జీరో టికెట్టే. మోటబాయి ఉందేమో అని వెతకకండి, ఉన్నా కంపచెట్లు మొలిచి ఉంటుంది. జొన్నచేను ఉన్నచోట పత్తి ఉంటుంది. కోతుల గోల ఉంటుంది. పశువు చచ్చిపోతే వాలే రాబందులు ఏవని పిల్ల అడిగితే చెప్పండి: పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ఆపారు కానీ అప్పటికే దేశంలో చాలా చోట్ల అవి కనుమరుగయ్యాయి. మీ చెరువు మాత్రం మిషన్ కాకతీయలో పూడిక తీసుకుని మీ చిన్నప్పటికంటే నిండుగా ఉండొచ్చు.

వెళ్లే రోజు నేను చెప్తాను. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. నాలుగు వానలు పడ్డాక తెరిపిచ్చిన పొద్దున చెల్కలోకి దిగితే ఎర్రటి ముఖమల్ గుడ్డ ముక్కలు నేల మీద నడుస్తుంటాయి. ఆరుద్ర పురుగులు. అరచేతిలో పెట్టి కాళ్లు లెక్కపెట్టించండి, ఎనిమిది వస్తాయి, పురుగు అంటాం గానీ అది సాలీడు వంశంది. అగ్గిపెట్టెలో వేసి తెచ్చుకుంటానంటే ఒప్పుకోకండి, నగరంలో బతకదు. అవి పైన కనిపించేది కొద్ది రోజులే, ఆదివారం దాకా ఆగుతాయన్న నమ్మకం లేదు. అప్పటికి బడులు తెరిచేసి ఉంటాయి కూడా. మనవరాలికి ఒక రోజు సెలవు పెట్టించండి, మీరూ ఒకటి పెట్టండి. ఇన్నేళ్లుగా ఇతరుల సెలవుచీటీలు చదివిన మనిషి మీరు, ఏం కారణం రాయాలో నేను చెప్పాలా?